చేతులు మారే రోగికి రిజిస్టరే రక్ష
- వైద్యుల వివరాలు బహిరంగ జాబితాల్లో.. ఎవరైనా చూసుకోవచ్చు
- ఆర్‌ఎంపీ నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా ఎవరి బాధ్యత ఎంత?

ఊళ్లో ఒకరికి జ్వరం వస్తుంది. ఆర్‌ఎంపీ మూడు రోజులు సూదిమందు వేస్తాడు. తగ్గకపోతే ఆటో ఎక్కించి పట్నంలోని నర్సింగ్‌హోంకు తానే తీసుకెళతాడు. అక్కడ పగలు చూసే వైద్యుడు ఒకరు, రాత్రి విధుల్లో ఉండేవారు మరొకరు. బోర్డు మీద పేరున్న నిపుణుడు వారానికి ఒకసారి వచ్చి వెళతారు. రక్తపరీక్షలు ఎదురుగా ఉన్న ల్యాబ్‌లో, మందులు కింది అంతస్తులోని దుకాణంలో. పరిస్థితి విషమిస్తే నగరంలోని పెద్దాసుపత్రికి పంపిస్తారు. రోగి ఒక్కడే అయినా చేతులు ఆరేడు మారతాయి. ఇందులో వైద్యుడు ఎవరు, సహాయకుడు ఎవరు, ఏ అర్హతా లేనివారు ఎవరు అన్నది ప్రాణం మీదకు వచ్చేదాకా ఎవరూ అడగరు. అప్పుడు అడిగితే 'మేం పంపించేశాం' అని ఒకరు, 'మా దగ్గరకు ఆలస్యంగా వచ్చారు' అని మరొకరు చెప్పే సమాధానమే మిగులుతుంది.

'హస్తవాసి మంచిది' అన్న మాట మీద వైద్యుణ్ని నమ్మడం మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. ఆ నమ్మకాన్ని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. అయితే దానితోపాటు చూసుకోవలసింది మరొకటి ఉంది. అదే వైద్యుల రిజిస్టరు. చట్టప్రకారం ఇది రహస్య పత్రం కాదు. ఎవరైనా, ఎప్పుడైనా, రుసుము లేకుండా చూసుకోదగిన బహిరంగ జాబితా.

రిజిస్టరు ఎలా వచ్చింది?

అర్హత ఉన్న వైద్యుణ్ని, లేనివాణ్ని సామాన్యులు వేరు చేసి గుర్తించగలగాలన్న ఉద్దేశంతో బ్రిటన్‌లో 1858లో వైద్య చట్టం చేశారు. మరుసటి ఏడాదే తొలి రిజిస్టరు వెలువడింది. మన దేశంలో 1912లో బొంబాయి, 1914లో మద్రాసు, బెంగాల్ ప్రాంతాలు వైద్యుల నమోదు చట్టాలు చేసుకున్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు చట్టం కిందికి వచ్చేవి. హైదరాబాద్ సంస్థానం ఏర్పాటు వేరు. రాష్ట్రం ఏర్పడిన తర్వాత రెండు ప్రాంతాలకూ కలిపి 1968లో ఆంధ్రప్రదేశ్ వైద్య వృత్తిదారుల నమోదు చట్టం వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ విజయవాడకు తరలగా, హైదరాబాద్‌లో తెలంగాణ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఏర్పడింది.

జాతీయ స్థాయిలో 1956 నాటి చట్టం కింద భారత వైద్య మండలి రిజిస్టరును నిర్వహించేది. 2019 చట్టంతో ఆ మండలి స్థానంలో 2020 సెప్టెంబరు 25 నుంచి జాతీయ వైద్య కమిషన్ పనిచేస్తోంది. రాష్ట్ర కౌన్సిళ్లలో నమోదైన వారి పేరు, చిరునామా, గుర్తింపు పొందిన అర్హతలతో జాతీయ రిజిస్టరును నిర్వహించి, దాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆ చట్టం నిర్దేశించింది. ఆధార్‌తో అనుసంధానించిన కొత్త జాతీయ వైద్య రిజిస్టరు పోర్టల్‌ను 2024 ఆగస్టు 23న కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి.నడ్డా ప్రారంభించారు. పాత భారత వైద్య రిజిస్టరులో పేరున్న వైద్యులు అందులో మళ్లీ నమోదు చేసుకోవలసి ఉంటుంది. కాబట్టి కొత్త పోర్టల్‌లో పేరు కనిపించనంత మాత్రాన నకిలీ అని తీర్మానించరాదు. పాత జాబితానూ, రాష్ట్ర కౌన్సిల్ జాబితానూ చూడాలి.

'ఆర్‌ఎంపీ' అసలు అర్థం వేరు

చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే ఎంబీబీఎస్ వంటి గుర్తింపు పొందిన పట్టా ఉండి, మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన వైద్యుడు. గుండె శస్త్రచికిత్స నిపుణుడు కూడా చట్టం దృష్టిలో ఆర్‌ఎంపీయే. మన పల్లెల్లో మాత్రం ఆ మూడక్షరాలకు 'రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్' అన్న అర్థం స్థిరపడిపోయింది. కొందరు పీఎంపీ అనీ రాసుకుంటారు. వీరిలో ఎక్కువమంది ఏదో ఒక వైద్యుని దగ్గర కాంపౌండరుగా పనిచేసి నేర్చుకున్నవారే. స్వాతంత్ర్యానికి ముందు ఎల్‌ఎంపీ అనే లైసెన్షియేట్ కోర్సు చదివినవారు ఊళ్లలో వైద్యం చేసేవారు. వారికి శిక్షణ, నమోదు రెండూ ఉండేవి. 1946లో భోర్ కమిటీ నివేదిక ఆ కోర్సును ఆపివేసి, ఒకే స్థాయి పట్టా ఉండాలని సిఫారసు చేసింది. క్రమంగా ఎల్‌ఎంపీలు కనుమరుగయ్యారు. ఖాళీ అయిన చోట్లకు ఎంబీబీఎస్‌లు రాలేదు. ఆ ఖాళీలోనే నేటి ఆర్‌ఎంపీ వ్యవస్థ బలపడింది.

వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో గ్రామీణ వైద్యులకు కమ్యూనిటీ పారామెడిక్‌లుగా శిక్షణ ఇచ్చే కార్యక్రమం చేపట్టారు. ప్రథమ చికిత్స చేసి, ప్రమాద సూచనలు గుర్తించి, సకాలంలో ఆసుపత్రికి పంపడం దీని ఉద్దేశం. ఆ శిక్షణ ధ్రువపత్రం మెడికల్ కౌన్సిల్ నమోదుతో సమానం కాదు. 2019 చట్టంలో 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అన్న పేరుతో పరిమిత లైసెన్సుకు అవకాశం కల్పించారు. ప్రాథమిక, నివారణ వైద్యంలో తప్ప మిగతా చోట్ల వారు రిజిస్టర్డ్ వైద్యుని పర్యవేక్షణలోనే మందులు రాయాలి. వారి కోసం వేరే రిజిస్టరు ఉండాలని కూడా చట్టం చెబుతోంది. ఈ నిబంధన ఉన్నంత మాత్రాన ఊళ్లోని ఆర్‌ఎంపీకి దానంతట అదే లైసెన్సు వచ్చినట్లు కాదు. రిజిస్టరులో లేని వ్యక్తి ఆధునిక వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ బృందాలు పలు జిల్లాల్లో తనిఖీలు జరిపి కేసులు నమోదు చేయించాయి.

ఎవరికి ఏ రిజిస్టరు?

రోగిని చూసే ప్రతి ఒక్కరి పేరూ ఒకే జాబితాలో ఉండదు. ఎంబీబీఎస్, ఎండీ, ఎంఎస్ వైద్యులు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఉంటారు. దంతవైద్యులకు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్, ఫార్మసిస్టులకు ఫార్మసీ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నాయి. ఆయుర్వేదం, యునాని, సిద్ధ వైద్యులకు ఒకటి, హోమియో వైద్యులకు మరొకటి.. 2020లో వచ్చిన రెండు చట్టాల కింద జాతీయ కమిషన్లు పనిచేస్తున్నాయి. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, కంటి పరీక్ష నిపుణుల వంటివారి నమోదుకు 2021లో వేరుగా చట్టం వచ్చింది. వీటన్నింటికీ తోడు కేంద్రం డిజిటల్ ఆరోగ్య మిషన్‌లో భాగంగా హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీని నిర్వహిస్తోంది. అల్లోపతి, ఆయుష్ వైద్యులు, నర్సులు ఇందులో ఒకేచోట కనిపిస్తారు. దీనిలో చేరడం స్వచ్ఛందం. పేరుంటే అదనపు భరోసా. లేకపోతే అది లోపం కాదు.

ఒక రిజిస్టరులో ఉన్నవారు మరో రిజిస్టరు పని చేయవచ్చా అన్నదే చిక్కు. దీనిపై సుప్రీంకోర్టు 1996 మే 10న ఇచ్చిన తీర్పు నేటికీ ప్రామాణికం. ముంబయి ప్రాంతంలో 1992లో జ్వరంతో వచ్చిన ఒక ఉద్యోగికి హోమియో వైద్యుడు అల్లోపతి మందులు వాడారు. మొదట వైరల్ జ్వరమని, తర్వాత టైఫాయిడ్ అని చికిత్స సాగింది. పరిస్థితి విషమించాక నర్సింగ్‌హోంకు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తరలించారు. ఆయన మరణించారు. ఆ వైద్యునికి హోమియోలో నమోదు ఉన్నా, తనకు తెలియని పద్ధతిలో మందులు ఇవ్వడమే నిర్లక్ష్యమని న్యాయస్థానం తేల్చింది. కుటుంబానికి రూ.3 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం చట్టపరంగా ప్రత్యేక అనుమతి ఇచ్చిన మేరకే ఇతర పద్ధతుల వైద్యులు అల్లోపతి మందులు రాయవచ్చని 1998లో వచ్చిన మరో తీర్పు స్పష్టం చేసింది. రాత్రివేళ డ్యూటీ డాక్టరు ఎవరు, ఆయన పట్టా ఏమిటి అని అడగడం అందుకే అవసరం.

పంపించినవారి బాధ్యత

వైద్యుల వృత్తి ధర్మంపై 2002లో వచ్చిన నిబంధనలే ప్రస్తుతం అమల్లో ఉన్నాయి. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించినా, వాటిని అదే నెలలో నిలిపివేశారు. రోగిని పంచుకునే వైద్యులు ఎలా మెలగాలో 2002 నిబంధనలు వివరంగా చెబుతున్నాయి.

రోగిని నిపుణుని వద్దకు పంపే వైద్యుడు అప్పటివరకు జరిగిన చికిత్స సారాంశాన్ని రాసి ఇవ్వాలి. నిపుణుడు తన అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా తిరిగి తెలపాలి. నోటిమాటతో 'ఫలానా డాక్టరు దగ్గరకు వెళ్లండి' అనడం సరిపోదు. అవసరం లేని సంప్రదింపులు చేయించరాదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నిషిద్ధం. పరీక్షలకు పంపినా ఇదే వర్తిస్తుంది. నర్సింగ్‌హోం నడిపే వైద్యుడు సహాయకులను నియమించుకుంటే అంతిమ బాధ్యత ఆయనదే. ప్రత్యేక అర్హత లేకుండా నిపుణుణ్నని చెప్పుకోరాదు. అర్హత లేనివారికి ఆధునిక వైద్యంలో నైపుణ్యం ఉందంటూ ధ్రువపత్రాలు జారీ చేయరాదు.

వారానికి ఒకసారి వచ్చే నిపుణుల విషయంలో 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు రోగులకు అండగా నిలిచింది. వైద్యుడు ఆసుపత్రి ఉద్యోగి అయినా, పిలిస్తే వచ్చే నిపుణుడైనా, రోగి ఆసుపత్రిని నమ్మి వచ్చాడు కనుక ఆసుపత్రి తప్పించుకోజాలదని కోర్టు పేర్కొంది. నిర్లక్ష్యం జరగలేదని చూపవలసిన భారం ఆసుపత్రిపైనే ఉంటుందని, చికిత్సలో పాల్గొన్న ప్రతి వైద్యుణ్ని ప్రతివాదిగా చేర్చలేదన్న కారణంతో కేసు కొట్టివేయరాదని తెలిపింది.

ఫోన్ ద్వారా, వీడియో ద్వారా జరిగే వైద్యానికి 2020 మార్చి 25న మార్గదర్శకాలు వచ్చాయి. ఇవి 2002 నిబంధనల్లో భాగమే. ఒక వైద్యుడు మరో వైద్యుణ్ని దూరం నుంచి సంప్రదిస్తే చికిత్స నిర్ణయం, బాధ్యత రోగిని చూస్తున్న వైద్యునిదే. గ్రామాల్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో పనిచేసే మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు ఈ-సంజీవని ద్వారా వైద్యులతో మాట్లాడించేటప్పుడు వచ్చే చీటీపై వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

చీటీలో చూడవలసినవి

వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా ఉంచాలి. మందుల చీటీ, ధ్రువపత్రం, రసీదు అన్నింటిపైనా వేయాలి. నంబరు ఒక్కటే సరిపోదు. ఏ రాష్ట్ర కౌన్సిల్, ఏ సంవత్సరం అన్నది కూడా తెలియాలి. ఒకే నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు వైద్యులకు ఉండవచ్చు.

జాబితాలో వెతికేటప్పుడు మనవారికి ఎదురయ్యే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఇంటిపేరు ముందుండటం మన ఆనవాయితీ. రిజిస్టరులో అది పొడి అక్షరంగానో, చివరనో ఉండవచ్చు. లక్ష్మి, వెంకటేశ్వర్లు వంటి పేర్లను ఇంగ్లిష్‌లో పలురకాలుగా రాస్తారు. అందుకే పేరుతో కాక నంబరుతో వెతకడం మేలు. తెలంగాణలో వైద్యం చేస్తున్న పాతతరం వైద్యుల తొలి నమోదు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోనే ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన వైద్యురాళ్ల పేరు పట్టాలో ఉన్నట్లే ఉండవచ్చు. ఎంబీబీఎస్ మాత్రమే కనిపించి, బోర్డు మీద ఎండీ ఉంటే పీజీ పట్టా నమోదు చేయించుకున్నారా అని మర్యాదగా అడగవచ్చు.

విదేశీ పట్టాల విషయంలో గందరగోళం ఎక్కువ. రష్యా, దాని పొరుగు దేశాల్లో చదివి వచ్చిన మన పిల్లలు వేలల్లో ఉన్నారు. అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రాథమిక వైద్య పట్టాకే ఎండీ అని పేరు పెడతాయి. అది మన ఎంబీబీఎస్‌తో పోల్చదగినదే తప్ప మన ఎండీ కాదు. అలాంటి పట్టా ఉన్నవారు ఇక్కడ 2002 నుంచి అమల్లో ఉన్న స్క్రీనింగ్ పరీక్షలో ఉత్తీర్ణులై నమోదు చేసుకోవాలి. ఉత్తీర్ణులైన వారు ఇతర వైద్యులతో సమానులే. వారిని తక్కువగా చూడనక్కరలేదు.

మందుల దుకాణం, స్కానింగ్ కేంద్రం కూడా సాక్షులే. షెడ్యూల్ హెచ్1 కిందకు వచ్చే ముఖ్యమైన యాంటీబయాటిక్స్, కొన్ని నిద్రమాత్రలు, క్షయ మందులు అమ్మినప్పుడు రాసిన వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. గర్భిణులకు స్కానింగ్ చేసే కేంద్రాలు 1994 చట్టం కింద నమోదు పత్రాన్ని గోడకు తగిలించాలి. నింపే ఫారంలో పంపిన వైద్యుని వివరాలు ఉండాలి. రోగి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాడన్నదానికి ఈ కాగితాలు ఆధారాలవుతాయి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

రిజిస్టర్డ్ వైద్యుని ప్రవర్తనపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా, కాగితాల నకళ్లు జతచేసి ఫిర్యాదు చేయాలి. ఆరు నెలల్లో తేల్చాలని నిబంధన. కౌన్సిల్ హెచ్చరించవచ్చు, కొంతకాలం పేరు తొలగించవచ్చు, శాశ్వతంగానూ తీసివేయవచ్చు. డబ్బు ఇప్పించే అధికారం దానికి లేదు. పరిహారం కోరేవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

ఆసుపత్రి, క్లినిక్, ల్యాబ్‌ల అనుమతులపై జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారిని సంప్రదించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం వర్తిస్తాయి. అసలు నమోదే లేని వ్యక్తి విషయంలో కౌన్సిల్ తొలగించడానికి పేరు ఉండదు. అప్పుడు జిల్లా వైద్యాధికారి, పోలీసులే దిక్కు. కౌన్సిల్ కూడా స్వయంగా కేసు పెట్టించవచ్చు.

ఆసుపత్రిలో చేరిన రోగి కాగితాలను మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, అధికారం ఇచ్చిన బంధువు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అయితే అడిగినట్లు ఆధారం ఉండాలి. దరఖాస్తు నకలుపై ముద్ర వేయించుకోవడం మరువరాదు.

ఊరు చేయగలిగిన పని

ఊళ్లో ఎంబీబీఎస్ వైద్యుడు లేనంత కాలం అర్ధరాత్రి తలుపు తట్టేది ఆర్‌ఎంపీ ఇంటినే. ఈ నిజాన్ని కాదని చట్టం ఒక్కటే మాట్లాడితే రోగికి మేలు జరగదు. అయినా కొన్ని హద్దులు ఊరే గీయవచ్చు. సెలైన్లు, స్టెరాయిడ్లు, బలమైన యాంటీబయాటిక్స్ ఆర్‌ఎంపీతో వేయించుకోకుండా ఉండవచ్చు. పసిపిల్లలకు, గర్భిణులకు, రెండు రోజులు దాటిన జ్వరానికి నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లవచ్చు. ఏ మందు ఇచ్చిందీ కాగితం మీద రాసి ఇమ్మని ఆర్‌ఎంపీని అడగవచ్చు. తర్వాత చూసే వైద్యునికి ఆ కాగితమే ప్రాణరక్షకం. అప్పటికే వాడిన మందు తెలియక మళ్లీ అదే వేస్తే ముప్పు రోగికే.

గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో, పాల కేంద్రం గోడమీదనో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తరచూ వెళ్లే పట్నం ఆసుపత్రుల వైద్యుల నంబర్లు రాసి ఉంచితే పైసా ఖర్చు లేదు. చదువుకున్న కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో ఒక్క సాయంత్రం కూర్చుంటే వాటిని సరిచూడగలరు. మంచి వైద్యునికి దీనితో నష్టమేమీ ఉండదు. ఆపదలో పరుగెత్తే కుటుంబానికి మాత్రం ఆ గోడమీది నాలుగు వరుసలు ఎంతో ధైర్యాన్నిస్తాయి.